గుండుకు తొడిగిన అంగీ

మర్రిగూడ మండలంలో మందు తుపాకి ఉన్నవాళ్లను ఇప్పుడు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తాతల నాడు పంట కాపలాకని తీసుకున్న లైసెన్సులు. మూతిలోంచి మందు పోసి, గుండు దిగగొట్టి పేల్చే ఒంటి గొట్టం తుపాకులు. చూసి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. అడవి పందుల మంద పడి తవ్విపోసిన వేరుశనగ చేను ఒక్కసారి చూస్తే ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. ఎన్ని మీసాలు తిప్పే ఆసామి అయినా సరే, ఏడాదికోసారి కమ్మరి సోమన్న ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

సోమన్న చేసే పని వినడానికి చిన్నదే. సీసం గుండు గొట్టం కంటే కొంచెం సన్నగా ఉంటుంది. ఊరికే వేస్తే లోపల దొర్లి, బయటికొచ్చాక ఎటు పోతుందో దానికే తెలియదు. అందుకని నూనెలో తడిపిన గుడ్డ చుట్టి బిగుతుగా దించాలి. ఆ గుడ్డను సోమన్న అంగీ అనేవాడు. తుపాకి పేలగానే అంగీ కొన్ని అడుగుల్లోనే రాలిపోతుంది, గుండు ఒక్కటే ముందుకు పోతుంది. ఏ గొట్టానికి ఎంత గుండు, ఎంత మందం అంగీ అన్నది ఎవరూ రాసి పెట్టలేదు. ఒక్కొక్కటే పేల్చి చూసుకోవాల్సిందే.

మిగతావాళ్లంతా ఎదురుగా నిలబెట్టిన తాటి మొద్దు మీద పడ్డ బొక్కను చూసేవాళ్లు. సోమన్న నేల మీద రాలిన గుడ్డను చూసేవాడు. నడుమ కాలితే పలచనైందని, అంచు చిరిగితే గొట్టంలో గరుకుందని, చుట్టూ రేకులు విచ్చుకుని నడుమ నల్లగా, చెక్కుచెదరకుండా ఉంటే జోడీ కుదిరిందని అతని లెక్క. ఆ నేల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో చాలామందికిలాగే అతనికీ మోకాళ్లు వంగేవి కావు. అందుకే గుడ్డలు ఏరుకొచ్చే పని భార్య నర్సింగమ్మది. ముప్ఫై ఏళ్లుగా ఏరీ ఏరీ ఆమెకూ వాటిని చదవడం వచ్చేసింది. "ఇది మూతి మాడ్చుకున్నది, పనికి రాదు" అని దూరం నుంచే తీర్పు చెప్పేది. ఆ తీర్పు మీద సోమన్న అప్పీలు పెట్టుకున్న సందర్భాలు తక్కువ.

గుడ్డ మాత్రం గట్టుప్పల్ వెంకటరాజం నేసినదే కావాలి. అందులో ఇంకో మాట లేదు. చేతి మగ్గం మీద చిక్కగా నేసిన నూలు, బట్ట కోసి దించేటప్పుడు చివర మిగిలే ఎరుపు నలుపు గళ్ల ముక్కలు. ఒకడు కమ్మరి, ఒకడు సాలె. కులం వేరైనా వరుస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఏటా పరీక్ష రోజున రాజం ఆ ముక్కల మూట చంకన పెట్టుకుని తొలి బస్సుకే దిగేవాడు. నర్సింగమ్మ చేసిన జొన్న రొట్టెలు తిని, రోజంతా రాతి మీద కూర్చుని, గుండు సరిగ్గా తగిలినప్పుడల్లా తానే పేల్చినట్టు పొంగిపోయేవాడు. "నా బట్ట గట్టుకుంటె సీసం గూడ బుద్ధిమంతురాలైతది" అనేవాడు. అది నిజమేనని సోమన్న నలుగురిలో ఒప్పుకునేవాడు. మెచ్చుకోలు మాటల్లో మహా పిసినారి అయిన సోమన్న ఒప్పుకున్నాడంటే అది చిన్న సంగతి కాదు.

అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఠాణాలో పెట్టిన తుపాకులు తిరిగి ఇళ్లకు వచ్చాక, ఆ చలికాలం, కాటమయ్య తన తుపాకి పట్టుకొచ్చాడు. అందరివాటిలా కాదది. గొట్టం లోపల మెలికలుగా గాట్లున్న పాతకాలం రైఫిలు. గుండును ఆ గాట్లలో కూర్చోబెట్టి తిప్పి పంపేది అంగీయే గనక, దానికి గుడ్డ విషయంలో మరీ పట్టింపు. కాటమయ్య తన వేరుశనగ మీద ఎంత బెంగ పెట్టుకున్నాడో ఆ తుపాకి మీదా అంతే పెట్టుకున్నాడు.

రాజం ఆ రోజూ వచ్చాడు. తొలి బస్సుకు కాదు, ఎండెక్కాక వచ్చాడు. రొట్టె ముందు పెడితే సగం తిని చెయ్యి కడిగాడు. మూట విప్పి సోమన్న పక్కన పెట్టి, ఎప్పుడూ కూర్చునే రాతి మీద కాక కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

సోమన్న ఒక ముక్క తీసి వేళ్ల మధ్య రుద్దాడు. అవే ఎరుపు నలుపు గళ్లు, అదే అంచు. కానీ రంగు ఒక్క వైపే ఉంది. తిప్పి చూస్తే వెనక వెలిసిపోయినట్టుంది. నూనె చుక్క వేశాడు. నూలైతే ఇట్టే తాగేస్తుంది. ఈ గుడ్డ మీద చుక్క చుక్కలాగే నిలబడి, వంచితే జారి మట్టిలో పడింది. మిల్లులో అచ్చేసిన పాలిస్టర్ నకలు. చెయ్యి తగలగానే సోమన్నకు సంగతంతా అర్థమైంది. రాజం ఇంట్లో మగ్గం ఆడటం లేదు.

తల ఎత్తి రాజం వైపు చూశాడు. రాజం కూడా అతన్నే చూస్తున్నాడు. అంతలోనే చూపు దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీకడం మొదలుపెట్టాడు.

కాటమయ్యకు ఇవేమీ తెలియవు. "ఏంది సోమన్నా సోంచాయిస్తున్నవ్? రాజమన్న బట్టనాయె, దానికి గూడ పరీక్షనా?" అన్నాడు పెద్ద గొంతుతో.

ఆ ఒక్క మాటతో సోమన్న నోరు కట్టేసినట్టయింది. గుడ్డ బాగోలేదంటే ఎందుకు బాగోలేదో చెప్పాలి. చెబితే రాజం నలుగురి ముందు, తన నోటితో, మగ్గం ఆపేశానని ఒప్పుకోవాలి. గుడ్డను అంత బాగా చదివేవాడు, అంత మొండివాడు, ఎంతటి ఆసామినైనా ఎండలో నిలబెట్టినవాడు, ఒక స్నేహితుడి మొహం చూసి చేతకానివాడైపోయాడు. ఒకట్రెండు గుండ్లకు ఏమవుతుందిలే అనుకున్నాడు. గుడ్డకు నూనె కాస్త ఎక్కువే పట్టించి, గుండు చుట్టి, దిగగొట్టి పేల్చాడు.

గుండు తాటి మొద్దు పక్క నుంచి పోయింది. నర్సింగమ్మ అంగీ ఏరుకొచ్చింది. సగమే ఉంది. మిగిలిన సగం అంచు కాలి, బిగుసుకుపోయి, గట్టి పూసలు కట్టింది. ఆమె దాన్ని మొగుడి చేతిలో పెట్టి, "ఇదేం గుడ్డయ్యా? మిగిలింది యాడ బోయింది?" అని చెవి దగ్గర అడిగింది.

"గాలికి బోయిందిగని, నువ్వు ఊకో" అన్నాడు సోమన్న.

ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు. కరిగి గొట్టం అడుగున అంటుకుంది. తడి గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. మూడోసారి తుడిచేవాడే, కాటమయ్య తన చేను వైపు చూస్తూ తొందర పెట్టాడు, రాజం ఇంకా మట్టి గీకుతూనే ఉన్నాడు, అక్కడి నుంచి ఎంత త్వరగా బయటపడితే అంత బాగుండనిపించింది. మందు పోయడానికి వంగాడు. లోపల మిగిలిన నిప్పు మందును అందుకుంది. మంట మూతిలోంచి పైకి లేచి మొహం మీద కొట్టింది.

హైదరాబాదులో కండ్ల దవాఖానలో పద్దెనిమిది రోజులున్నాడు. ఎడమ కన్ను మిగిలింది. కుడి కన్ను, గురి చూసే కన్ను, పోయింది. ఠాణా నుంచి వచ్చిన జమాదారు ఎట్లా జరిగిందని అడిగితే, "నా తప్పే సారూ. గొట్టం సక్కగ తుడువలే" అని చెప్పి వేలిముద్ర వేశాడు. కాటమయ్య తుపాకిని ఠాణాలో పెట్టుకున్నారు. గుడ్డ ముక్కల మూటను నర్సింగమ్మ అప్పటికే పొయ్యిలో పెట్టింది. అవి మండుతుంటే వచ్చిన కంపుకు అది నూలు కాదని ఆమెకూ తెలిసిపోయింది. కానీ ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా.

రాజం చూడటానికి రాలేదు. ఊళ్లోవాళ్లు వచ్చారు, తుపాకులున్నవాళ్లంతా వచ్చారు, కాటమయ్య పండ్ల సంచీతో మూడుసార్లు వచ్చాడు. రాజం మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే రాజం భార్య లీలమ్మ ఎత్తి, "ఊరికి పోయిండన్నా, ఆడ బట్టల దుక్నంల పన్జేస్తుండు" అని చెప్పి పెట్టేసేది. కన్ను పోయినందుకు సోమన్న ఒక్కరోజు ఏడ్చాడు. రాజం రానందుకు మాత్రం ఆ ఎండాకాలమంతా కుములుతూనే ఉన్నాడు. ఒక కన్నుతో బతకొచ్చు, గుండ్లు ఇంకెవరైనా పేలుస్తారు. రాజం బావ రాకుండానే తన జన్మ గడిచిపోతుందేమోనన్నదే అతని భయం.

వానలు పడకముందే ఒకరోజు నర్సింగమ్మ చెయ్యి పట్టుకుని తానే గట్టుప్పల్ బస్సెక్కాడు.

లీలమ్మ ఎదురొచ్చి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. సోమన్న కళ్లద్దాల వెనక మూతపడిన రెప్పను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో మగ్గం ఉండే గుంటను పూడ్చి పైన బండలు పరిచారు. బండల మీద వరసగా బియ్యం డబ్బాలు, ఒక కూలరు. ముప్ఫై ఏళ్లు ఆ ఇంట్లో వినిపించిన చప్పుడు లేకపోయేసరికి మనుషుల మాటలు కూడా పెద్దగా వినిపించాయి.

రాజం ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. లోపలి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆరు నెలల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. ముందుగా రాజమే నోరు తెరిచాడు.

"నీ కన్ను నేనే తీసిన బావా. అది నా బట్ట గాదు. దుక్నంల పారేసిన తునకలు దెచ్చిన."

సోమన్న దారి పొడవునా దీని గురించే ఆలోచించాడు. నాకు తెలియదంటే, కళ్లు కప్పి కన్ను తీశానన్న పాపం రాజాన్ని బతికినంత కాలం తింటుంది. తెలుసంటే, ఆ రోజు రాజం పడ్డ సిగ్గును తాను చూశానని అతనికి తెలుస్తుంది. సిగ్గు కంటే పాపమే బరువైందని లెక్క కట్టుకున్నాడు.

"నాకెర్కే రాజం. చేతిల పట్టంగనే ఎర్కైంది. నూనె పీల్చలే. ఎర్కుండే పేల్చిన. నీ తప్పేం లేదిండ్ల, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఈ మాటతో బరువు దిగి రాజం ఏడుస్తాడని, తానూ ఏడుస్తానని, ఆ తర్వాత అంతా మామూలైపోతుందని అనుకున్నాడు. రాజం ఏడవలేదు. మొహం ఎర్రబడింది.

"ఎర్కుండి ఊకున్నవా? అడుగనే లేదేంది?"

"అడిగితె నువ్వు చెప్పాల్సొస్తుండె గద. నలుగుట్ల నీ ఇజ్జత్ పోతదని..."

"ఇజ్జత్!" అన్నాడు రాజం. "ఉగాదికి మగ్గం దించిన. గుంట పూడ్సిన్నాడు వాకిట్ల కూసున్న, ఎవడన్న ఒక్కడు ఆగి ఏమైందని అడుగుతడేమోనని. అందరు జూసిండ్రు, అందరు ఎర్క లేనట్టే పోయిండ్రు. తొమ్మిది నెలలు బావా. నీ ముందట ఆ మూట ఇప్పిన్నాడు గూడ, దేవునికి మొక్కుకుంట కూసున్న. సోమన్న పట్టుకుంటడు, వాని చేతికి దొరకనిది లేదు, వాడన్న అడుగుతడు అని. నువ్వు నూనె చుక్కను జూసినవ్, నా మొఖం జూసినవ్. ఇగ అడుగుతడు అనుకున్న. నువ్వు గుండుకు సుట్టినవ్."

నర్సింగమ్మ తల దించుకుంది. పొయ్యిలో మూట పెట్టిన రోజు తానూ అడగలేదని ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. అడగకపోవడాన్ని సోమన్న మర్యాద అనుకున్నాడు, స్నేహం అనుకున్నాడు, అందుకోసం కన్ను ఇచ్చానని లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా. ఇచ్చిన కన్ను ఎవరికీ అక్కరకు రాలేదు. రాజానికి కావలసింది ఒక్క ప్రశ్న, అది అడగడానికి నోరు చాలు.

మంచం కోడు పట్టుకుని, వంగని మోకాళ్లతో తంటాలు పడి, నర్సింగమ్మ ఆసరాతో సోమన్న కిందికి దిగి రాజం పక్కన బండ మీద కాళ్లు చాపి కూర్చున్నాడు.

"ఏమైంది రాజం? మగ్గం ఎందుకు దించినవ్?" అన్నాడు.

రాజం గోడ వైపు తిరిగి అప్పుడు ఏడ్చాడు. "ఇప్పుడడిగి ఏం జేస్తవ్ బావా" అన్నాడు. అని, చెప్పడం మొదలుపెట్టాడు.