టీవీలో అబ్బా

మొన్న ఆటోనగర్‌లో బండి రిపేరుకిచ్చి కూర్చుంటే, షాపు టీవీలో మక్కా కనిపించింది. కాబా చుట్టూ తెల్లబట్టల జనం తిరుగుతున్నారు.

నా చిన్నప్పుడు ఒక ఏడాది అమ్మీ, అబ్బా హజ్‌కి వెళ్లారు. బక్రీదు నాడు భవానీపురం ఇంట్లో నేనూ, పదో తరగతి చదివే అక్కా మిగిలాం. అక్కని ఆపా అనేవాణ్ణి. బంధువులు బిర్యానీ తెచ్చిచ్చి, కాసేపు కూర్చుని, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. వీధంతా పండగ సందడి, మా ఇంట్లో ఫ్యాను చప్పుడు. అమ్మీకి ఫోన్ ఎంతకీ కలవలేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

ఆపా టీవీలో మక్కా పెట్టింది. "అదిగోరా, ఆ మూల నిలబడ్డది అబ్బానే!"

నేను టీవీకి దగ్గరగా వెళ్లి కొత్త చొక్కా చూపించాను. "ఇటు చూడరేంటి ఆపా?"

"దువా చేసుకుంటున్నార్రా. అయ్యాక చూస్తారు."

ఆయన జనంలో కలిసిపోయేదాకా చెయ్యి ఊపాను.

తిరిగొచ్చాక అడిగితే అబ్బా నవ్వేశారు. "ఆ రోజు మేం అక్కడ లేం బేటా. మక్కా బయట మినాలో, గుడారంలో ఉన్నాం."

అబద్ధం చెప్పిందని ఆపాతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఆ పండగ మధ్యాహ్నం నేను నిద్రలేచేసరికి, ఆపా ఒక్కతే టీవీ ముందు కూర్చుని ఉంది. సౌండు తీసేసి, తెర మీద కదిలే ఒక్కొక్క ముఖాన్నీ వెతుకుతోంది. తనకీ అమ్మీ, అబ్బా గుర్తొస్తారని అప్పుడు నాకు తట్టనేలేదు.