బాగు చేయించిన నేరానికి

ఆ వీధిలో ఆమె పేరు చాలామందికి తెలియదు. టైపు కొట్టు నడుపుతుంది, కాని ఎవరూ టైపమ్మ అనరు. అసలమ్మ అంటారు. చుట్టుపక్కల కొట్లన్నీ దొంగ కాపీలు ఎక్కించుకుని హాయిగా బతుకుతుంటే, ఆమె ఒక్కతే తన కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌కి లైసెన్సు కొని, ఆ స్టిక్కరుని క్యాబినెట్ పక్కన అతికించుకుంది. గాలికి అద్దె కడుతోందని వెనకాల నవ్వారు. కట్టుకోనీ అన్నట్టు ఆమె కూడా నవ్వేసింది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. పెళ్ళికి ముందు ఒక ప్రెస్సులో పనిచేసేది. మూడు నెలలు వంచిన నడుం ఎత్తకుండా టైపు చేసిన పుస్తకం, దొంగ కాపీ వెంట వచ్చిన వైరస్ నోట్లో ఒక్క పూటలో కరిగిపోయింది. యజమాని తప్పు కాపీది అనలేదు, ఆమె వేళ్ళది అన్నాడు. ఆ సాయంత్రం చేతులు రెండూ సంచి వెనక దాచుకుని ఇంటికి నడిచింది, దారిన పోయేవాళ్ళు వాటినే చూస్తున్నట్టు. తనకంటూ ఒక యంత్రం ఉన్ననాడు దానికి దొంగ తాళంచెవి పెట్టనని అప్పుడే అనుకుంది.

ఆ యంత్రం ఒక సోమవారం పొద్దున లేవలేదు. బటన్ నొక్కితే ఫ్యాను ఒక్కసారి నిట్టూర్చి ఊరుకుంది. మరిదికి కబురు పెట్టింది. రిపేరు పనిలో చెయ్యి తిరిగినవాడు, వదినతో వేళాకోళంలో ఇంకా తిరిగినవాడు. మూత విప్పి, మదర్‌బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లు చూపించి, తల్లి పోయింది, పిల్లలు క్షేమం అన్నాడు. ఆ రకం బోర్డు ఇప్పుడు దొరకదు కాబట్టి వేరేది తెచ్చి బిగించాడు. పాత సిస్టమ్ కొత్త బోర్డు మీద నిలబడలేదు. ఆమె ఫైళ్ళ జోలికి పోకుండా, సిస్టమ్‌ని మొదటినుంచి మళ్ళీ ఎక్కించాడు. మధ్యాహ్నానికి తెర వెలిగింది. గది గోడల మీద నీలం వెలుతురు చెరువు నీళ్ళలా కదిలింది.

ఆ వెలుతురులోనే, కింద కుడి మూలన, బూడిద రంగు అక్షరాలు. ఈ ప్రతి అసలైనది కాకపోవచ్చు.

ఆమె మూడుసార్లు చదివింది. దొంగ అనడానికి ధైర్యం లేదు, కాదనడానికి మనసు లేదు, కాకపోవచ్చట. అప్పుడే అర్జీ రాయించుకోవడానికి వచ్చిన రిటైరైన మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఆ అక్షరాల వైపు చూశాడు.

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

తిట్టినా అంత నొచ్చుకునేది కాదు. పదిహేనేళ్ళుగా అక్షరం అక్షరం పేర్చి కట్టుకున్న పేరు, మాస్టారి కళ్ళద్దాల్లో పలచబడిపోయింది.

లైసెన్సు పాత బోర్డుతో ముడిపడి ఉంటుందని, బోర్డుతోపాటే అదీ పోయినట్టేనని మరిది చెప్పాడు. చెబుతూనే జేబులోంచి దొంగ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ తీశాడు. పది నిమిషాల పని, అసలుదానికన్నా అసలుగా కనిపిస్తుందన్నాడు.

"నీ జేబులోది నీ జేబులోనే ఉండనీ," అని ఆమె, కంపెనీనే అడుగుదామని ఫోను అందుకుంది.

అటువైపు రికార్డు చేసిన గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. మదర్‌బోర్డు పాడైనందుకు మార్చారా, ఒకటి నొక్కండి. కంప్యూటరును బాగుచేయడానికి మార్చారా, రెండు నొక్కండి.

ఇందులో ఆలోచించడానికేముంది? పాడైంది, బాగు చేయించింది. చివరికి జరిగింది బాగు చేయించడమే కదా. రెండు నొక్కింది. ధన్యవాదాలు, మీ పాత లైసెన్సు చెల్లదు, దయచేసి కొత్తది కొనండి అని తేనె గొంతు సెలవు తీసుకుంది.

ఆమె చెవుల్లోంచి పొగలు వచ్చాయి. మళ్ళీ చేసింది. మనిషి దొరికేదాకా అరగంట వాయిద్యాల సంగీతం వింది. చివరికి ఒక అమ్మాయి పలికి, నియమం చదివి వినిపించింది. బోర్డు చెడిపోయి మారిస్తే పాత కంప్యూటరే. ఇంకా మంచిది కావాలని మారిస్తే అది కొత్త కంప్యూటరు కిందే లెక్క. మీరు రెండు నొక్కారు మేడమ్, నమోదైపోయింది అంది.

"బాగుచేయడం అంటే మీ దగ్గర మంచిది కొనుక్కోవడమా? చెప్పు తెగితే బాగు చేయిస్తాం, కుళాయి కారితే బాగు చేయిస్తాం. చెడినదాన్నే కదమ్మా బాగుచేసేది! ఆ మాట రాసినవాళ్ళు ఇంట్లో ఏ భాషలో మాట్లాడుకుంటారు?"

అటువైపు అమ్మాయి గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా మేడమ్? సగం మంది రెండే నొక్కుతారు."

"మరి వాళ్ళంతా ఏమయ్యారు?"

కొందరు కొత్తది కొంటారు, కొందరు ఫోను పెట్టేస్తారు అని చెప్పింది. పాత బోర్డు చెడిపోయిందని రిపేరు చేసిన మనిషి సంతకంతో కాగితం పంపితే సరిచేస్తానంది.

సంతకం అనగానే మరిది మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళలో తను చేసిన పనికి తన పేరు పెట్టింది లేదు. నీకు స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి ఉంది కదా, పెన్ను బరువేం కాదు అని ఆమె, ఆ బూడిద అక్షరాలు తెర మీద ఉండగానే కాగితం టైపు చేసి అతని ముందు పెట్టింది. ఫలానా బోర్డు కెపాసిటర్లు ఉబ్బి చెడిపోయింది, నేనే మార్చాను. అతను నాలిక కొసని పళ్ళ మధ్య పట్టుకుని సంతకం పెట్టాడు.

మర్నాడు పదకొండింటికి, కాగితం అందిందని ఆ అమ్మాయే ఫోను చేసి, లైసెన్సుని మళ్ళీ ముడివేసే అంకెలు చదివింది. ఒక్కొక్కటీ తిరిగి చదువుతూ ఆమె కొట్టింది. ఆఖరి అంకె పడగానే మూలనున్న అక్షరాలు, అద్దం మీద ఊపిరిలా పోయాయి.

ఇంక చల్లబడు వదినా, గెలిచావుగా అన్నాడు మరిది.

ఆమె చల్లబడలేదు. తన పని అయిపోయింది సరే, ఆ సగం మంది సంగతేంటి? కుర్చీ అతనివైపు తిప్పింది. ఇంతకుముందు ఎన్ని బోర్డులు మార్చావని అడిగింది. చాలానే అన్నాడు. వాళ్ళ లైసెన్సుల మాటేమిటంది. బోర్డు పోతే లైసెన్సు పోయినట్టే అని తనే చెప్పానని, తర్వాత జేబులోది ఎక్కించానని నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. అందరూ అదే మాట అంటారు కదా, తనూ అదే నమ్మాడు.

"కొన్నవాడి చేత దొంగ కాపీ వాడించావు కదరా. ఎవరెవరికి చేశావో గుర్తుందా?"

"కొందరు గుర్తున్నారు."

ఆమె స్టూలు లాగి పక్కన వేసింది, కూర్చోమన్నట్టు. తెల్ల కాగితం తీసి, సంతకం పెట్టిన పెన్నే అతని చేతికిచ్చింది. అతను మొదట మందుల షాపాయన పేరు రాశాడు. ఆమె అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుని, ఆయన నంబరు కోసం చూస్తోంది.