ఆ మూడో పేజీ ఎవరిది

2023 చలికాలం. కాశీబుగ్గలో ఒక ప్రింటర్ల డీలరు దగ్గర నేను సర్వీస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలోని ఆఫీసులూ ఆసుపత్రులూ నా పరిధి. మా బాబు అప్పుడే పాకడం మొదలుపెట్టాడు. వాడికి తినిపించి, మా అత్తగారికి అప్పగించి బస్సెక్కేసరికి రోజూ పది దాటేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే లోపం తెల్లవారిన కాసేపు మాత్రమే కనిపించేది.

కంచిలి వెళ్లే దారిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. ఈ ప్రాంతంలో ల్యాబ్ రిపోర్టు చేతికొస్తే అందరి కళ్లూ ముందు వెళ్లేది ఒకే అంకె మీదికి, క్రియాటినిన్. కిడ్నీలు రక్తాన్ని సరిగా శుభ్రం చేస్తున్నాయో లేదో చెప్పేది అదే. ఒంట్లో ఏ బాధా లేనివాళ్లు కూడా వచ్చి చూపించుకుంటారు. బాధ తెలిసే నాటికి ఈ జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుందని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

ఆ ల్యాబ్‌లో పెద్ద ప్రింటరు ఉంది. దాని పక్కన తగిలించిన పెట్టెను ఫినిషర్ అంటాం. ప్రింటరు నుంచి వచ్చే కాగితాలను లోపలి ట్రేలో పోగుచేసి, అంచులు సర్ది, స్టేపుల్ కొట్టి బయటికి నెడుతుంది. కాగితం ట్రేలోకి జారగానే ప్యాడిల్ అనే రబ్బరు రెక్కలు తిరిగి, దాన్ని కిందికి లాగి అంచుకు చేరుస్తాయి. ఒక్కో మనిషికి మూడు పేజీల రిపోర్టు. ముందురోజు పరీక్షలవన్నీ మర్నాడు ల్యాబ్ తెరవగానే వరసగా ప్రింటు తీస్తారు.

"మేడమ్, పొద్దున్న పేజీలు కలిసిపోతన్నాయి. ఒకరి ఆఖరి పేజీ ఇంకొకరి రిపోర్టు మీద వచ్చి కూర్చుంటంది," అని ఫోన్ చేసింది రిసెప్షన్‌లో పనిచేసే సునీత.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఎన్ని సెట్లు తీసినా ఒక్కటీ తప్పలేదు. ఎర్రర్ కోడ్ లేదు. సెన్సార్లు తుడిచాను, రోలర్లు మార్చాను. మరో వారం మళ్లీ ఫోన్, మళ్లీ అదే కథ.

"మిమ్మల్ని సూత్తే దానికి బయం మేడమ్. మీరెల్లగానే మొదలెడతాది," అంది సునీత నవ్వుతూ.

"రోజూ మరి ఏం చేస్తున్నావు?"

"ఏటి సేత్తాను, పిన్నులు పీకేసి, పేర్లు సూసి, మళ్లీ సేత్తో కుట్టేత్తన్నాను."

జనవరిలో ల్యాబ్ యజమాని నుంచే ఫోన్ వచ్చింది. తీరంలోని ఒక ఊరి నుంచి ఎర్రయ్య అనే మనిషి వచ్చి గొడవ చేస్తున్నాడట. అతని రిపోర్టులో క్రియాటినిన్ చాలా ఎక్కువ ఉంది. విశాఖపట్నం వెళ్లి పెద్దాసుపత్రిలో మళ్లీ చూపించుకుంటే అంతా బాగానే ఉందన్నారు. రేపు ల్యాబ్ తెరిచేసరికి మిషను దగ్గర ఉండాలన్నాడు యజమాని.

మర్నాడు చీకటితోనే లేచాను. బాబుకు ఒంటికి రాద్దామని నూనె సీసా వంచితే చుక్క పడలేదు. చలికి తెల్లగా గడ్డకట్టింది. దాన్ని వేడినీళ్లలో పెట్టి, కరిగాక రాసి, వాడు ఏడుస్తుండగానే బయల్దేరాను.

ల్యాబ్‌లో సునీత ప్రింటు ఇచ్చింది. నేను ఫినిషర్ పైమూత తీసి, అది మూసే ఉందని మిషను అనుకునేలా స్విచ్చి నొక్కిపట్టి లోపలికి చూస్తున్నాను. మొదటి పేజీ పడింది, రెండోది పడింది. మూడో పేజీ ట్రే పైన సగంలో వేలాడింది. ప్యాడిల్ బద్ధకంగా కదిలి దాన్ని అందుకోలేకపోయింది. ముందు పేజీలను వెనక వచ్చే పేజీ నెట్టేస్తోంది. ఆఖరి పేజీ వెనక ఏమీ లేదు. కిందున్న రెండు పేజీలకూ స్టేపుల్ పడి బయటికి వెళ్లిపోయాయి. ఆ తర్వాత మూడోది నెమ్మదిగా జారి, తరవాతి మనిషి రిపోర్టుకు మొదటి పేజీ అయింది. కాగితం సెన్సార్ దాటింది కనుక మిషను దృష్టిలో తప్పేమీ జరగలేదు.

కరెంటు తీసి ప్యాడిల్ ఇరుసు మీద వేలు పెట్టాను. మైనంలాంటి తెల్లటి పూత. వేలిమీద కాసేపటికి కరిగింది. వాసన చూడక్కర్లేకపోయింది.

"దీనికి కొబ్బరినూనె ఎవరు వేశారు?"

ల్యాబ్ ఊడ్చి, తాళాలు వేసే గవరయ్య మావ చీపురు పట్టుకుని నిలబడ్డాడు. "నానే ఏసినానమ్మా. కిర్రుకిర్రుమంటంటే సునీతమ్మ తలనొప్పన్నాది. కుట్టుమిషనుకీ, నూతి గిలకకీ అదే ఏత్తాం గదా. మా తోట నూనె, మంచిది."

అందుకే మధ్యాహ్నానికి అంతా బాగుండేది. ఎండెక్కి గది వేడెక్కగానే నూనె కరిగిపోయేది. నేను వచ్చే వేళకు లోపమే మిగిలేది కాదు. స్పిరిట్‌తో ఇరుసు కడిగి, రబ్బరు రెక్కలు మార్చాను.

ఎర్రయ్య ఆ సరికే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "సచ్చిపోతానని మా ఇంటిది రాత్రీ పగలూ ఏడ్సింది. బతుకుతానని తెలిసి ఇప్పుడు మళ్లీ ఏడుత్తంది. నూనె సుక్కతో ఎంత పని సేసినావు మావా," అన్నాడు గవరయ్యతో. కోపం చల్లారి కాస్త నవ్వాడు కూడా.

నాకు నవ్వు రాలేదు. అతని రిపోర్టులో ఉన్న ఆ చెడ్డ పేజీ ఎవరిదో ఒకరిది అయి ఉండాలి.

"సునీతా, ఆ రోజు పేర్లు చూసే కుట్టావు కదా?"

"సూసినాను మేడమ్. పేరూ, ఇంటిపేరూ, వయసూ అన్నీ సరిపోయినాయి."

మూడో పేజీ మీద ఉండేది అంతే, పేరూ వయసూ. తండ్రి పేరు మొదటి పేజీ మీదే పడుతుంది.

ఎర్రయ్య నవ్వు ఆగిపోయింది. "మా ఊల్లో అమ్మోరి పేరున ఎర్రయ్యని పెట్టుకున్నోలం ఈదికొకలం ఉన్నాం. మా ఇంటిపేరోలే అంతా. ఆధార్ కాడ వయసు కూడా అందరికీ ఒక్కలాగే రాసీసినారు. ఆ రోజు నాతో వచ్చినోడు దిబ్బ ఎర్రయ్య. నన్ను పెదీది ఎర్రయ్యంటారు."

ఊరంతా వాళ్లను అలాగే పిలుస్తుంది. దిబ్బ, పెదవీధి అన్న మాటలు ల్యాబ్ కంప్యూటర్లో ఎక్కడా లేవు.

ఫోన్ చేస్తే దిబ్బ ఎర్రయ్య భార్య నీలమ్మ ఆటోలో వచ్చింది. చంకలో మా బాబు ఈడు పిల్ల. సంగతి చెప్పాల్సిన యజమాని తడబడుతూ ఉంటే, ఆమె నా చేతిలోని మసి గుడ్డనీ, విప్పి ఉన్న మిషన్నీ చూసి నా వైపు తిరిగింది.

"ఆయన లేడమ్మా. గుజరాత్ ఎల్లిపోనాడు. సేపలేటకి బోటెక్కీసినాడు, ఫోన్ తగల్దు. ఎల్లనని కూకుంటే, రిపోర్టు బాగున్నాది కదా, పిల్ల పుట్టినాది కదా, ఎల్లమని నానే పంపినాను."

పిల్ల ఆమె మెడలోని పసుపుతాడు నోట్లో పెట్టుకుంటోంది.

"ఇంకోపాలి సూడమ్మా," అంది. "అప్పుడు మిషను నిజమే సెప్పిందేమో. ఇప్పుడు నువ్వు ఇప్పీసినావు కాబట్టి తప్పు సెప్తందేమో."

కంప్యూటర్లో ఇద్దరి ఫలితాలూ వారివారి తండ్రుల పేర్లతో విడివిడిగా ఉన్నాయి, చెడ్డ అంకె దిబ్బ ఎర్రయ్యదే. సునీత వాటిని తెరమీద తెచ్చి, ఏడుపు ఆపుకుంటూ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్లి బాబును ఎత్తుకుంటే చాలాసేపు దించబుద్ధి కాలేదు.

బోటు ఒడ్డుకు చేరి, కబురంది, అతను తిరిగొచ్చేసరికి చలి పోయింది. ఈలోగా మూడు పేజీల మీదా తండ్రి పేరూ, ఊళ్లో పిలిచే పేరూ పడేలా యజమాని మార్పించాడు. అతనికి మళ్లీ రక్తం తీసిన మర్నాడు ఫినిషర్ చూడాలని నేను పొద్దున్నే వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు.

ఈ ఉద్యోగంలో ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఏం జరిగిందని అడిగే ముందు ఎన్నింటికి జరిగిందని అడుగుతాను. నా ఎదుట సరిగ్గా నడిచిందని ఏ కంప్లయింటునూ మూసేయను. పాడైన మిషను వల్ల ఎవరు ఏం పోగొట్టుకుంటారో ఆలోచించడం అలవాటే. బాగుచేసిన మిషను చేతిలో పెట్టే కాగితం కోసం కూడా ఒక మనిషి భయపడుతూ ఎదురుచూస్తుంటుందని మాత్రం అక్కడే తెలిసింది.

ఆ ఉదయం రిపోర్టు బయటికి వచ్చింది. మూడు పేజీలు, అంచులు కలిసి, మూలన ఒక్క స్టేపుల్. దిబ్బ ఎర్రయ్య గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. నీలమ్మకు చదువు రాదు. ఆఖరి పేజీ తిప్పి నా ముందు పట్టుకుంది.

"ఇది మాదేనా అమ్మా? సరిగ్గా సూసి సెప్పు."

పేరు చూశాను, తండ్రి పేరు చూశాను, దిబ్బ అన్న మాట చూశాను. కిందున్న అంకె మీదికి కళ్లు వెళ్లనివ్వకూడదని ఎంత అనుకున్నా వెళ్లాయి.

"మీదేనమ్మా," అన్నాను.