వానల నిలబడ్డ సిపాయి

ఉద్యోగం పోయిన ఆ ఏడాదంతా మచ్చ బొల్లారంల కిరాయింట్ల వీడియో గేమ్ ఆడుకుంట గడిపిన. ఇంటి ఓనరు తల్లి, ముసలవ్వ, రోజూ నా పక్కన కూసునేది. ఆటల ఉన్న సిపాయి గురించి ఆమెకు ఒకటే పరేషాన్. నేను టీవీ బంద్ చేయబోతే చెయ్యి పట్టుకునేది.

"గా పిలగాన్ని వానల నిలబెట్టి పోతవా బిడ్డా? ముందు ఇంట్లకు పంపు."

వాన్ని ఏదో ఒక కప్పు కిందికి చేర్చేదాకా వదిలేది కాదు.

ఒకనాడు ఆట మధ్యలనే అవ్వ కుప్పకూలింది. అన్నీ అట్లనే వదిలేసి దవాఖానకు ఉరికినం. సాయంత్రం కండ్లు తెరిచి నన్నే అడిగింది.

"వాన్ని ఇంట్లకు పంపినవా?"

"పంపిన అవ్వా" అన్న.

రేపటిదాకా ఏం చెప్పలేమన్నరు డాక్టర్లు. ఆటో పట్టుకొని జల్దీ ఇంటికొచ్చిన. టీవీల సిపాయి ఇంకా తడుస్తనే ఉన్నడు. వాన్ని ఇంట్లకు నడిపించిన.