రంజాన్ బీ పాకం

గోరంట్ల బస్టాండు వెనక సందులో రంజాన్ బీ వేరుశెనగ పప్పులతో చేసే చెనిక్కాయ చిక్కీకి మంచి పేరుండేది. చిలమత్తూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటి బయమ్మ దగ్గర ఆ పని నేర్చుకుంది. బయమ్మ కొలతలు చెప్పే మనిషి కాదు.

"ముక్కుతో చెయ్యల్ల పిల్లా. చెనిక్కాయ విత్తనాలు ఏగినప్పుడు ఒక వాసన, మాడబోయే ముందర ఇంకో వాసన. రెండిటి నడాన దించల్ల" అనేది.

రంజాన్ బీ ముక్కుతోనే నేర్చుకుంది. వానలు తప్పిన ఏడు గింజ సన్నగా వస్తుంది, తొందరగా మాడుతుంది. అలాంటి ఏడు కూడా ఆమె చిక్కీ చేదెక్కిందని ఎవరూ అనలేదు. ఇరవై రెండేళ్లు అలా సాగింది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో ఆమెకూ జ్వరం తగిలింది. పన్నెండు రోజులకు లేచి తిరిగింది గానీ వాసన పోయింది. బెల్లం డబ్బా మూత తీసి ముఖం దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు, ఖాళీ డబ్బాలా ఉంది. నాలుగు నాళ్లలో అదే వస్తుందిలే అనుకుని మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ వారమే, ఎప్పుడూ చిక్కీ కొనే శ్రీరంగప్ప మాస్టారు గుమ్మంలో నిలబడి కాస్త మొహమాటంగా అన్నాడు.

"ఏమమ్మా, ఈ తూరి కొంచెం మాడినట్టుండాదే."

ఆయన పోయాక ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుంది. నాలుక చివర చేదు తగిలింది. తన చేత్తో చేసినది తనకే తెలియకుండా మాడిందన్న సంగతి ఆమెను కుంగదీసింది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో చెప్పి, ఇనుప బాణలి అటక మీద పెట్టేసింది. భర్త ఖాజా హుస్సేన్ ఆటో తోలుతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. ఆయన రెండుసార్లు నొప్పుల తైలం తెచ్చి ఇచ్చినాడు. ఆమె ఆ తైలం మోకాళ్లకు రాసుకుంటూనే వచ్చింది, నిజం చెప్పలేదు.

రెండేళ్లకు కొడుకు ముబారక్‌కు పెళ్లయింది. కోడలు సుహానాది హిందూపురం. ఆ పిల్లకు చాక్లెట్ల పిచ్చి. ఫోన్లో చూసి చాక్లెట్ పలకలు కరిగించేది, అచ్చుల్లో పోసేది. అవి బాగానే వచ్చేవి. చక్కెర పాకంలో మీగడ, వెన్న కలిపి క్యారమెల్ చేయబోతే మాత్రం ఒక రోజు రాయి, ఒక రోజు బంక. గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్న రంజాన్ బీకి నోరు ఊరుకోలేదు.

"పాకం చుక్క చల్లనీళ్లలో వేసి చూడు పిల్లా. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టినాదా? ఇంక దించు."

ఆ రోజు క్యారమెల్ కుదిరింది. సుహానా ఎగిరి గంతేసింది. మర్నాడు పొయ్యి అత్తకు అప్పగించి, చాక్లెట్ పలకలు తేవడానికి అంగడికి వెళ్లింది. రంజాన్ బీ, క్యారమెల్లో కలపడానికి కోడలు వేయించమన్న విత్తనాలను ఒక పొయ్యి మీద వేగనిచ్చి, అటు తిరిగి అచ్చులు తుడవసాగింది. సుహానా సందు మొదట్లోనే వాసన పట్టి పరుగున వచ్చింది. బాణలి నిండా నల్లగా పొగ. అత్త ఇంకా అచ్చులు తుడుస్తూనే ఉంది.

"అత్తా! ఇంత వాసన వస్తాంటే నీకు తెలీలేదా?"

రంజాన్ బీ పొయ్యి ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు వాసనే తెలీదు సుహానా. జ్వరమొచ్చినప్పటి నుంచీ. మీ మామకు గూడా చెప్పలేదు."

"మరి మోకాళ్లు?"

"నా మోకాళ్లకు ఏమైనాది? బాగుండాయి."

సుహానాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు ముక్కు ఉండాది, నీకు పాకం తెలుసు. ఇద్దరం చేస్తే యాడ మాడుతాది చెప్పు?"

బాణలి తోమి కొత్తగా మొదలుపెట్టారు. సుహానా పక్కన నిలబడి "ఇప్పుడు పచ్చివాసన పోయినాది... ఇప్పుడు కమ్మగుండాది..." అంటూ చెప్పసాగింది. రంజాన్ బీ గింజల చిటపటలు వింటూ, పొట్టు రంగు చూస్తూ తిప్పసాగింది. పది రోజులకు ఆమెకు ఒక సంగతి తెలిసింది. గింజ ఏగేకొద్దీ చిటపటలు జోరందుకుంటాయి, సరిగ్గా ఏగినాక సద్దుమణుగుతాయి. ఇన్నేళ్లూ ముక్కును నమ్ముకుని ఆ చప్పుడు ఎప్పుడూ చెవిన పెట్టలేదు. సుహానా "ఇంక దించు" అనేలోపే ఆమె దించేయడం మొదలుపెట్టింది.

అలా ఒక రాత్రి అన్నం పెడుతూ భర్తకు అంతా చెప్పేసింది. ఖాజా హుస్సేన్ అన్నం కలుపుతూ విన్నాడు.

"అయితే ఆ తైలం నాకియ్యి. నిజంగా నొప్పులుండేది నాకు" అన్నాడు.

ఇప్పుడు వాళ్లు రెండు రకాలు చేస్తారు. చలికాలంలో వేయించిన విత్తనాలు క్యారమెల్లో కలిపి, ముక్కలు కోసి, చాక్లెట్లో ముంచుతారు. మార్చి దాటితే ఈ ఎండలకు చాక్లెట్ చేతిలోనే కారిపోతుంది కాబట్టి పాత బెల్లం చిక్కీయే. శ్రీరంగప్ప మాస్టారికి మొదటి పొట్లం రంజాన్ బీ తానే తీసుకెళ్లి ఇచ్చింది. ఆయన అక్కడే విప్పి తిన్నాడు, పైకి చూడకుండానే రెండో ముక్క తీశాడు.

వాసన తిరిగి రాలేదు. భర్త తీసుకెళ్లి చూపిస్తే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రంజాన్ బీ ఇప్పుడు దాని గురించి పెద్దగా అడగదు. మధ్యాహ్నం పూట కోడలితో కలిసి ముక్కలను రంగు కాగితాల్లో చుడుతూ, విరిగినవి ఒక పళ్లెంలో వేస్తుంది. అవి ఇద్దరివీ. మూతి అంతా చాక్లెట్ చేసుకున్న సుహానాను చూసి "చూడు, పిల్లోళ్లు నయం" అని నవ్వుతుంది.