తాండూరు రాళ్లగుట్టపై మూడు రెక్కల పువ్వు

మనిషి తవ్వి వదిలేసిన నేల మీద అందరికంటే ముందు మొలిచే పొదను తెచ్చి, కుటుంబంతో సహా పేరు రాసి శనివారంలోగా ఇవ్వకపోతే రికార్డు మీద సంతకం చేయనని మా వృక్షశాస్త్రం సారు తీర్పు చెప్పారు. సంతకం లేకపోతే పరీక్ష లేదు. శాస్త్రం కోసం ప్రాణాలైనా అర్పిద్దామని శుక్రవారం పొద్దున ఏడింటికి వికారాబాదులో ప్యాసింజరు ఎక్కాను. తాండూరుకు టికెట్టు పదకొండు అణాలు, ప్రయాణం గంటన్నర. కిటికీ పక్కన కూర్చుంటే బొగ్గుపొడి ఉచితం.

స్టేషను బయట తాంగా తోలే ఖాజా భాయ్ నాపబండల గనికి ఆరణాలకు ఒప్పుకొని, నా రేకుడబ్బా వైపు చూశాడు. "డబ్బాల ఏముంది సాబ్, నాష్తానా?"

"ఖాళీ భాయ్. మొక్క కోసం వచ్చాను."

"మొక్క కోసమా! గా పని నా గుర్రం రోజు చేస్తది, ముఫత్‌ల!"

గని పక్కన పోసిన రాళ్లగుట్టల మీద జిగురాకుల పొదలు తప్ప పచ్చటిదేదీ లేదు. కొమ్మల నిండా ఎర్రగా, కాగితంలా పలచటి మూడు రెక్కల పూలు! భూతద్దం పెట్టి 'రేకులు మూడు, కేసరాలు శూన్యం' అని గంభీరంగా రాసుకుని మొక్కల కుటుంబాలు గుర్తుపట్టే పుస్తకం తిరగేశాను. గంటసేపటి పరిశోధనలో, మూడు రేకుల లెక్కన, ఆ పొద ఉల్లిగడ్డకు దగ్గరి చుట్టమని తేలింది.

పక్కనే బండలు పేరుస్తున్న ముసలామె ఎల్లమ్మ ఉండబట్టలేక అడిగింది. "అద్దం పెట్టి ఏం జూస్తున్నవ్ కొడుకా?"

"పువ్వు, అవ్వా."

"పువ్వా! గది కాయరా అయ్యా!" ఒకటి తెంపి ఆమె అరచేతుల మధ్య నలిపితే రెక్కల్లోంచి నల్లటి గింజలు రాలాయి. "బందారు చెట్టు. కాలు బెణికితె గీ ఆకే నూరి కడ్తం. ఎవ్వలు పెట్టకున్నా, నీళ్లు పొయ్యకున్నా తవ్విన జాగల మొదలు వచ్చేది గిదే."

తాంగా నిలిపి నా కోసం కాచుకున్న ఖాజా భాయ్ పగలబడి నవ్వాడు. "కాలేజీ సాబ్‌కు తెల్వదు గానీ నా గుర్రానికి ఎర్కే. గందుకే దీనికి మూతి పెట్టదు!"

నీడపట్టు కొమ్మకు మిగిలిన అసలు పూలు ఎల్లమ్మే వెతికి ఇచ్చింది. చిన్నవి, పసుపుపచ్చవి, రేకులే లేనివి. ఈసారి పుస్తకం నన్ను నేరుగా కుంకుడు చెట్టు వంశంలో దింపింది.

శనివారం సారు నా కాగితం కింద 'గుర్తించినవారు' దగ్గర ఆగారు. "ఎవరీ ఎల్లమ్మ? ఏ కాలేజీ?"

"నాపబండల గని, సార్."

కళ్లద్దాలు తుడుచుకుని సంతకం చేశారు.

పనికిరాని రాళ్లనుకున్న చోట ఒక చెట్టు కాపురం పెట్టిందనీ, దాని కష్టసుఖాలు తెలిసినవాళ్లు పక్కనే పని చేస్తున్నారనీ చూసి వచ్చిన ఆనందం పరీక్షకంటే పెద్దది. (పరీక్షా వదలను.) వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: భూతద్దం తీసే ముందు అక్కడివాళ్లను అడగండి. అదీ పదింటిలోపు, తర్వాత బండ కాలుతుంది, జ్ఞానం తలకెక్కదు.