రెండు నాబుల ఆంప్ ఇచ్చిన సత్తెన్న

నిన్న, గురువారం.

పొద్దున తొమ్మిదిలోపు అయిన పనులు: వాకిలి, పాలు, రెండు టిఫిన్ బాక్సులు, మిషన్‌లో బట్టలు, అత్తయ్య మందుల డబ్బా సర్దడం. ఆరోది పప్పు తాలింపు.

తాలింపు వేస్తుండగా బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. సత్తెన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట.

ఆవాలు మాడిపోయాయి. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు.

మొన్న ఆదివారమే మాట్లాడాను. "పిల్ల ఇప్పుడేం వాయిస్తున్నది?" అని అడిగాడు. తన ఒంట్లో ఎలా ఉందో చెప్పనే లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సత్తెన్న మాకు చుట్టం కాదు. బోధన్‌లో మా పుట్టింటి పక్క ఇల్లు. రేడియోలు, మైక్‌సెట్లు బాగుచేసేవాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కాలనీలో ఏ రేడియో మూగబోయినా ఆయన టేబుల్ మీదికే చేరేది.

రెండేళ్ల కింద మా అమ్మాయి లాస్య ట్యూబ్ ఆంప్ కావాలంది. గిటార్‌కు తగిలిస్తే మోత పెంచేది. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూ పనిచేసే పాత రకం.

నాకు తెలిసిన మెకానిక్ సత్తెన్న ఒక్కడే. నిజామాబాద్ నుంచి బస్సెక్కి ఇద్దరం వెళ్లాం.

ఆయన దగ్గర రెండు ఉన్నాయి.

ఒకటి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు అమ్మేసిన పెద్దది. రెండు ఛానళ్లు, ప్రతిధ్వనిచ్చే రివర్బ్, కాలితో నొక్కే స్విచ్, ముందువైపు పదకొండు నాబులు.

రెండోది పాత మైక్‌సెట్ డబ్బాలో సత్తెన్న సొంతంగా కట్టిన చిన్నది. వాల్యూమ్ ఒకటి, టోన్ ఒకటి. అంతే.

ధరలో పెద్ద తేడా లేదు.

నేను మిక్సీ కొన్నా, ఫ్రిజ్ కొన్నా పుస్తకంలో గళ్లు గీసి, ఏది ఏం చేస్తుందో టిక్కులు కొట్టి చూస్తాను. ఇక్కడా అదే చేశాను. పెద్దదానికి తొమ్మిది టిక్కులు వచ్చాయి. చిన్నదానికి రెండు.

సత్తెన్న కళ్లద్దాలు పైకి నెట్టి నా పుస్తకం చూశాడు.

"టిక్కులు మంచిగనే కొట్టినవ్ చెల్లె. మరి మోగుడు ఏ గడిల రాసినవ్?"

ఆ గడి లేదు.

అయినా పెద్దదే తీసుకున్నాను. ఆయన ఆపలేదు. బస్సులోకి ఎక్కించి మరీ పంపాడు.

మూడు నెలలు మా లాస్య గిటార్ వాయించలేదు. నాబులు తిప్పింది. ఈ సౌండ్ కాదు, ఆ సౌండ్ కాదు అంటూ సాయంత్రాలన్నీ ఆ పదకొండు నాబుల ముందే గడిచాయి. ఒకరోజు గిటార్‌ను కవర్‌లో పెట్టి బీరువా వెనక నిలబెట్టింది.

"ఏం పెట్టినా నచ్చుతలేదమ్మా. నాకే రాదేమో" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. టిక్కులు కొట్టింది నేను. రాదేమో అనుకుంటున్నది అది.

పెద్దదాన్ని తీసుకుని మళ్లీ బోధన్ పోయాం. "నేను ముందే చెప్పిన కదా" అని సత్తెన్న అనలేదు. ఆ పెద్దదాన్ని తప్పు పట్టనూ లేదు.

"పెండ్లిళ్లల్ల తీరుతీరు పాటలు కొట్టేటోనికి గవన్నీ గావాలె. పిల్ల ఇంక నేర్సుకుంటున్నది. గింతే సాలు."

కానీ చిన్నదాని వాల్వ్ ఎవరికో ఇచ్చేశాడట. కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పిస్తామన్నాను.

"వచ్చేదాక పిల్ల చెయ్యి ఆగుతదా? రేపు రా" అన్నాడు.

మర్నాటికి ఆంప్ తయారు. వాల్వ్‌కు ఎంత అని అడిగితే "పాతది ఉండె" అన్నాడు. నేను పుస్తకంలో వైరు, ప్లగ్గు ఖర్చు రాసుకుని, వాల్వ్ దగ్గర "పాతది" అని రాసి ఊరుకున్నాను. ఎక్కడిదని అడగలేదు.

లాస్య తగిలించి వాయించింది. మెల్లగా మీటితే శుభ్రంగా పలికింది. గట్టిగా కొడితే గొంతు చించుకున్నట్టు గరగరలాడింది.

"గిండ్ల దాసుకునే జాగా లేదు బిడ్డా. నీ చెయ్యి ఎట్లుంటే గట్లనే ఇనపడ్తది" అన్నాడు సత్తెన్న.

ఆ రోజు నుంచి గిటార్ బీరువా వెనక్కి పోలేదు.

నిన్న అంత్యక్రియలయ్యాక వదిన, అంటే సత్తెన్న భార్య, పక్కన కూర్చున్నాను. గూట్లో ఆయన పాత రేడియో ఉంది. పొద్దుగూకులూ అది మోగుతూనే ఉండేది కదా అన్నాను.

"యాడ మోగింది? రెండేండ్ల సంది మూగదే. పార్టు దొరుకుతలేదనె."

మళ్లీ తనే అంది. "మొన్న ఆస్పత్రికి పొయ్యొచ్చినంక చెప్పిండు. పార్టు పోలేదట. తీసి నీ బిడ్డ డబ్బాల పెట్టిండట. నాతోని రెండేండ్లు అబద్ధమాడిండు సూడు ముసలోడు."

వదిన నవ్వింది.

ఇంటికొచ్చి లాస్యకు చెప్పాను. అది లేచి వెళ్లింది. ఆంప్ ప్లగ్గు తీసి, చల్లారేదాకా ఆగి, బొటనవేలంత ఆ గాజు వాల్వ్‌ను లాగి దూదిలో చుట్టింది.

ఈ పొద్దున ఇద్దరం బోధన్ వెళ్లాం. లాస్య రేడియో వెనక రేకు విప్పి వాల్వ్ పెట్టింది.

ఇంట్లో ఉన్న చుట్టాలావిడ "గిప్పుడు రేడియో పెడితె మంది ఏమనుకుంటరు?" అంది.

"ఏమన్న అనుకోని. గది ఆయనదే గద" అంది వదిన.

అర నిమిషం ఏమీ లేదు. తర్వాత సన్నని హోరు. ఆ తర్వాత ఎవరో పసుపు ఎలా ఆరబెట్టాలో చెబుతున్నారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ కార్యక్రమం అయిపోయేదాకా విన్నది.

లాస్య కొత్త వాల్వ్ ఆర్డర్ పెట్టింది. వచ్చేదాకా మా ఇంట్లో ఆంప్ మూగదే. ఉండనీ.

సత్తెన్నా, ఇక ఏ హోరూ సరిచేయక్కర్లేని చోట నిమ్మళంగా కూర్చో.

పుస్తకంలో "పాతది" కొట్టేసి రాశాను. బోధన్ సత్తెన్నకు: వాల్వ్ ఒకటి. ముట్టింది.